ఆ నాటకము ఎవరిది?

అబ్రహాము లింకను హత్య జరిగిన రాత్రి రంగస్థలముమీద ఏ నాటకము నడచుచుండెనని అడిగినచో, చరిత్ర చదివిన మన సోదరీమణులలో పలువురు ‘అవర్ అమెరికన్ కజిన్’ అని వెంటనే చెప్పగలరు. అందేమున్నదని అడిగినచో చెప్పువారు తక్కువ. అది ఎవరి నాటకమని అడిగినచో వ్రాసిన టామ్ టేలరు పేరు తలచువారు ఒకరిద్దరు ఉందురేమో. లారా కీన్ అను స్త్రీ పేరు చెప్పినవారిని మాత్రము మేమింతవఱకు చూడలేదు. ఈ వ్యాసము వ్రాయబూనుటకు మాకు కారణమదియే. ఆ నాటకమును అరలోనుండి తీసి, దుమ్ము దులిపి, నటులను కుదిర్చి, లోకమునకు చూపినది ఆమె. దానికొఱకు న్యాయస్థానములకెక్కినది ఆమె. తుదకు దానిమూలమున మిక్కిలి చెడ్డపేరు మోసినదియు ఆమెయే.

మొదట వ్రాసినవానిని గూర్చి రెండు మాటలు. టామ్ టేలరు ఇంగ్లండు దేశీయుడు. 1817లో పుట్టి 1880లో గతించెను. న్యాయశాస్త్రము చదివెను, లండనులో కొంతకాలము ఇంగ్లీషు ఆచార్యుడుగా నుండెను, ఆరోగ్యశాఖలో ప్రభుత్వోద్యోగము చేసెను, కడపట ‘పంచ్’ అను హాస్యపత్రికకు సంపాదకుడాయెను. ఇన్ని పనుల నడుమ ఆయన వ్రాసిపాఱవేసిన నాటకములు నూటికి దగ్గఱగా నున్నవి. వ్రాసిపాఱవేసిన అనుట ఎగతాళికి కాదు. విక్టోరియా రాణిగారి కాలపు నాటకశాలలకు నాటకములు కావలసిన వేగము అట్టిది. 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనమునకు అమెరికావారు గుంపులుగా వచ్చిరి. వారి మాటతీరు, మొఱటుదనము, నిర్భయత్వము చూచి లండనువారు నవ్వుకొనిరి. ఆ కాలముననే సిల్స్‌బీ అను అమెరికా హాస్యనటుడు లండనులో పేరు పొందుటచే, టేలరు అతనిని మనసునందుంచుకొని ఈ నాటకము వ్రాసెను. కాని అక్కడ దానిని ఎవరును ఆడలేదు. ప్రతి యొకటి సిల్స్‌బీకి దక్కెను. నాటకము మాత్రము మూలబడెను.

కథ చెప్పెదము. అమెరికాలోని వెర్మాంటు నుండి ఏసా ట్రెంచర్డ్ అను యువకుడు ఇంగ్లండులోని తన దాయాదుల మేడకు వచ్చును. ఆ మేడకు యజమాని సర్ ఎడ్వర్డ్ అప్పులలో మునిగియున్నాడు. కాయిల్ అను గుమాస్తాపెద్ద ఆయన వ్యవహారములన్నియు చేతబట్టుకొని, తాకట్టు దస్తావేజు అడ్డుపెట్టి, ఆయన కూతురు ఫ్లారెన్సును తనకిచ్చి పెండ్లిచేయుమని మెడమీద కూర్చుండును. కాయిల్‌క్రింద పనిచేయు మర్కాట్ అనువాడొకడు. ఒకప్పుడు ఆ పిల్లకు చదువు చెప్పినవాడు, ఆమెపై మనసుపడి చెడినవాడు, ఇప్పుడు త్రాగుబోతు. తాకట్టు ఎన్నడో తీరిపోయినదనియు, ఆ రసీదును కాయిల్ దాచినాడనియు అతనికి తెలియును. మఱియొకవైపు మౌంట్‌చెసింగ్టన్ అను దొరసానమ్మ తన ఇద్దఱు కూతుళ్లకు ధనవంతులగు వరులను వేటాడుచుండును. ఏసాకు పెద్ద ఆస్తి యున్నదని విని, ఆ మొఱటువానియందు లేని గుణములన్నియు చూచును. ఒక కూతురు అతనిపై వలపు నటించును. ఆ ఆస్తి నిజమునకు మేరీ అను పేద పిల్లకు రావలసినది. ఆమె తాత కోపముతో ఆమెను కాదని ఏసా పేర వీలునామా వ్రాసి చనిపోయెను. మేరీ ఏమియు ఎఱుగక పాడి చూచుకొని, వెన్న చిలికి బ్రతుకుచున్నది. ఏసా ఆమెను చూచినాడు. ఆ వీలునామాను తీసి, దానితో చుట్ట ముట్టించుకొని, కాల్చివైచినాడు. అది ఏమి కాగితమో ఆమెకు చెప్పడు.

మిగిలినది పాఠకులూహింపగలరు. రసీదు దొరకును, కాయిల్ భంగపడును, ఎవరి జోడు వారికి కుదురును. నవ్వు, కన్నీరు, అప్పులవాడు, దొరకిన కాగితము – ఇవి అన్నియు ఒక్క కుండలో వండుట ఆ కాలపు రివాజు. ప్రేక్షకుడు ఒక దృశ్యమున కన్ను తుడుచుకొని మఱుదృశ్యమున పొట్ట పట్టుకొని నవ్వవలెను. ఈనాడు చదువుచున్నప్పుడు పెక్కు హాస్యములు చప్పగానే తోచినవని మేము దాచనక్కఱలేదు. పేజీలకు పేజీలు మాటల గారడీతో నిండియున్నవి. కాని పాడిగది దృశ్యము చప్పబడలేదు.

ఒక వేసవి మధ్యాహ్నమున మేమీ కథను ఇంటిలోని ఆడువారికి తెలుగులో చెప్పుచుంటిమి. మా దొడ్డమ్మగారు విస్తళ్లు కుట్టుకొనుచు, కాయిల్‌ను గూర్చియు దొరసానమ్మను గూర్చియు చెప్పినంతసేపు తల యెత్తలేదు. వీలునామా కాల్చినచోటికి వచ్చుసరికి ఈనెపుల్ల ఆపి, “అది ఏమి కాగితమో ఆ పిల్లకు చెప్పలేదూ?” అని అడిగినారు. చెప్పలేదంటిమి. “మంచిపని చేశాడు. చెప్పి కాలిస్తే ఆ పిల్ల జన్మమంతా వాడి ముందు తల వంచుకొని ఉండాలి గదుటే!” అని మరల కుట్టుపనిలో పడినారు. టేలరు నాటకమును గూర్చి పండితులు వ్రాసినవి మేము కొన్ని చదివితిమి; ఆ దృశ్యపు బలము ఎక్కడనున్నదో ఇంత సూటిగా చెప్పినవారు కనబడలేదు.

ఇక లారా కీన్. ఆమె 1826లో ఇంగ్లండులో పుట్టెను. తలిదండ్రులు పెట్టిన పేరు మేరీ ఫ్రాన్సిస్ మాస్. చిన్నతనముననే టేలరు అనువానిని – ఈ నాటకకర్తకును అతనికిని సంబంధము లేదు – పెండ్లాడి ఇద్దఱు కుమార్తెలను కనెను. భర్త నేరములో చిక్కి ఆస్ట్రేలియాకు ద్వీపాంతరము పంపబడెను. చేతిలో పసిబిడ్డలు, ఇంటిలో తల్లి, సంపాదించు మగవాడు లేడు. ఆమె పేరు మార్చుకొని రంగస్థలమెక్కెను. లండనులో మదాం వెస్ట్రిస్ అను నటి తానే ఒక నాటకశాలను నడుపుచుండెను. ఆమె కంపెనీలో కొంతకాలము పనిచేయుటవలన, స్త్రీయు నాటకశాలను నడుపవచ్చునని లారా కీన్ కన్నులార చూచెను. 1852లో అమెరికా చేరెను. పెండ్లికాని కన్యయని చెప్పుకొనిననే గాని ఆకాలపు నటికి విలువ యుండెడిది కాదు. కావున కన్నబిడ్డలను తన బిడ్డలని చెప్పుకొనలేక, చుట్టపు పిల్లలని లోకమునకు చూపవలసివచ్చెను. రంగస్థలముమీద తల్లివేషము వేయుటకంటె ఇంటిలో తల్లికానట్లు నటించుట ఎంత కష్టమో తల్లులకు మేము చెప్పనక్కఱలేదు.

1854లో ఆమె కాలిఫోర్నియానుండి ఓడయెక్కి ఆస్ట్రేలియాకు పోయి నాటకములాడెను. వెంటనున్న యువనటుని పేరు ఎడ్విన్ బూత్. ఈ బూత్ కుటుంబపు పేరును పాఠకురాలు గుర్తుంచుకొనవలెను. అది మన కథలో ఇంకను రెండుమార్లు వచ్చును.

1855లో న్యూయార్కుకు తిరిగివచ్చి తన పేరనే నాటకశాల తెఱచెను. ఇతర నాటకశాలల యజమానులు అందఱును మగవారు. వారికి ఇది కంటగింపాయెను. ప్రారంభమునకు ముందు ఎవరో లోపల జొరబడి తెరలను కత్తులతో చీల్చిరి. ఆమె తెరలను బాగుచేయించుకొని ఆటకు దిగెను. కొలదినెలలలో ఆ కట్టడమును కౌలుతగాదాలో ఆమెచేతినుండి లాగుకొనిరి. వేఱొకతె యైనచో మరల మఱియొకని కంపెనీలో వేషమునకు చేరియుండును. ఆమె బ్రాడ్‌వే వీథిలోనే క్రొత్త నాటకశాల కట్టించి 1856 నవంబరులో తెఱచి, ‘లారా కీన్ నాటకశాల’ అని పేరుపెట్టెను. ఏడేండ్లు దానిని నడపెను. నాటకములు ఎన్నుకొనుట, కోసి కుదించుట, రిహార్సలు చేయించుట, దుస్తులు నిర్ణయించుట, జీతములిచ్చుట, నాయికవేషము వేయుట – అన్నియు ఆమెయే. కంపెనీవారు చాటుగా ఆమెను ‘డచెస్’ అని పిలిచెడివారట. కోపిష్ఠియనియు, చండశాసనురాలనియు వ్రాసినవారు కలరు. అదే గుణము మగ యజమానియందున్నచో దానిని కార్యదీక్ష యని వ్రాసెడివారని మా అనుమానము.

1858 శరత్కాలమున ఆమె మనసంతయు షేక్స్పియరు ‘మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’పై నుండెను. దానికి కావలసిన తెరలు, సామగ్రి సిద్ధమగుటకు కొన్ని వారములు పట్టును. అంతవఱకు నాటకశాలను ఖాళీగా నుంచలేక, మధ్యకాలమునకు ఒక పూరణగా, కొనియుంచిన టేలరు నాటకమును అక్టోబరులో ఆడించెను. రెండువారములు ఆడిన చాలుననుకొనిరి. అది 150 రాత్రుల వఱకు నడచెను. ఒక నాటకము వారము నిలిచిన గొప్పయనుకొను దినములవి. షేక్స్పియరు మఱుసటి వసంతమువఱకు కాచుకొని కూర్చుండవలసివచ్చెను.

ఏసా వేషము జోసెఫ్ జెఫర్సనుకు, ఫ్లారెన్సు వేషము తనకు, డండ్రియరీ ప్రభువను మందమతి జమీందారు వేషము ఎడ్వర్డ్ సొథర్న్ అను నటునకు ఆమె యిచ్చెను. జెఫర్సనుకు ఈ పాడిగది దృశ్యముతోనే పేరు వచ్చెను. నవ్వించుచునే కంట నీరు తెప్పింపవచ్చునని ఆయనకు ఇక్కడ తెలిసినది; ఆ విద్యతోనే తరువాత ‘రిప్ వాన్ వింకిల్’గా జీవితమంతయు వెలిగెను. సొథర్నుకు వచ్చినది చిన్నవేషము, కొద్దిపాటి మాటలు. తనకు అవమానమని ఆయన అలిగెను. ఆ వేషమును తన యిష్టము వచ్చినట్లు పెంచుకొనవచ్చునని మాటయిచ్చిన పిమ్మటనే ఒప్పుకొనెను.

ఆ మాటయే నాటకపు నుదుటివ్రాతను మార్చినది. సొథర్న్ భుజములవఱకు జారు బుగ్గగడ్డములు పెట్టుకొనెను, ఒంటికంటి అద్దము తగిలించెను, నత్తి కలిపెను, నడకలో వింత గెంతు ఒకటి చేర్చెను. ఆ గెంతు ఎట్లు పుట్టినదో పలువురు పలువిధములుగా చెప్పుదురు. రిహార్సలులో కాలు తడబడి పుట్టినదని ఒక కథ. ఈ ప్రభువు సామెతలను చెప్పబోయి, ఒకదాని తలను మఱొకదాని మొండెమునకు అతికించును. మన భాషలో చెప్పవలెనన్న, ‘అడుసు త్రొక్కనేల, రోకటిపోటునకు వెఱవనేల’ అని గంభీరముగా సెలవిచ్చి, ఇందులో ఏదో పొరపాటున్నదే యని తనలో తాను విచారించుచు నిలుచుండును. తమ్ముడు శ్యాము వ్రాసిన ఉత్తరము చదువు ఘట్టమును సొథర్న్ స్వయముగా కల్పించెను. మన పురాణములలో ప్రక్షిప్తములు చేరినట్లు ఈ నాటకమున డండ్రియరీ మాటలు రాత్రికి రాత్రి చేరుచు వచ్చెను. కొంతకాలమునకు మేరీ, ఏసా, కాయిల్ అందఱును ప్రక్కకు జరిగి, చిన్నవేషగాడు నడుమ నిలిచెను. టేలరు వ్రాసిన కరుణభాగము కరగిపోయెను.

ఇది మంచికో చెడుకో చెప్పుట కష్టము. ప్రక్షిప్తము లేనిదే ఆ నాటకము అన్నాళ్లు బ్రతికెడిది కాదు. మా దొడ్డమ్మగారు పని ఆపి విన్న దృశ్యమును మాత్రము ప్రేక్షకులు క్రమముగా మఱచిరి. మాకు దానిపై కొంచెము చింత గలదు.

నాటకము డబ్బు చేయుచున్నదని తెలిసినవెంటనే ఇతరులు దానిని ఎత్తుకొనిరి. ఇచ్చట అప్పటి చట్టము కొంత చెప్పవలెను. 1856లో అమెరికా శాసనసభ నాటకకర్తలకు ప్రదర్శనహక్కు ఇచ్చెను. కాని అది అమెరికావాసులైన రచయితలకే. ఆంగ్లేయుల రచనలకు 1891 వఱకు అక్కడ కాపీరైటు రక్షణ లేదు. కావున టేలరువద్ద ఆమె డబ్బిచ్చి కొన్న నాటకమునకు చట్టపు పుస్తకములో చోటు లేకపోయెను. ఫిలడెల్ఫియాలోని ఆర్చ్ వీథి నాటకశాలలో వీట్లీ, క్లార్క్ అను ఇద్దఱు దానిని ఆడిరి. చనిపోయిన సిల్స్‌బీ వద్దనున్న ప్రతి అతని భార్యవలన వారికి దొరకెను. ఆ పాతప్రతిలో లారా కీన్ నాటకశాలలో చేరిన క్రొత్తమాటలు లేవు. ఆ మాటలను జెఫర్సన్ వారికి అందించెను. తన కంపెనీలో జీతము తీసికొని, తన రిహార్సలులో పుట్టిన హాస్యమును ప్రక్క దుకాణమునకు చేరవేసినాడని ఆమె వాదము. ఫిలడెల్ఫియాలోని సంయుక్తరాష్ట్రముల న్యాయస్థానమున జడ్జి క్యాడ్వాలడర్ సుదీర్ఘమైన తీర్పు వ్రాసెను. కాపీరైటు శాసనము ఆమెకు అక్కఱకు రాదనెను. కాని అచ్చుకాని నాటకమును, అందు చేర్చిన మాటలను, నమ్మకద్రోహమువలన ఇతరులు సంపాదింపరాదని ఆమెపక్షమున తీర్పు చెప్పెను.

బోస్టనులో ఆమెకు ఈ అదృష్టము లేదు. అక్కడ మోజెస్ కింబల్ అనునతడు తన ‘బోస్టన్ మ్యూజియం’లో ఆమె అనుమతి లేకయే ఈ నాటకమును ఆడించెను. 1860లో మసాచుసెట్సు ఉన్నతన్యాయస్థానము చెప్పినదేమనగా – డబ్బుపుచ్చుకొని పదిమందికి చూపిన నాటకమును చూచినవారు జ్ఞాపకముంచుకొని పోయి ఆడినచో అడ్డుపెట్టుటకు వీలులేదు. జ్ఞాపకశక్తి దేవుడిచ్చినది గదా! టిక్కెట్టు కొన్నవానికి కుర్చీతోపాటు నాటకమంతయు అమ్మినట్లే యని దీని తాత్పర్యము. బియ్యమొకరివి, కట్టెలొకరివి, వంట మాత్రము వండినవారిదని మన యిండ్లలో చిన్నపిల్లలును ఒప్పుకొందురు. అంత పెద్ద న్యాయస్థానము దానిని ఒప్పుకొనలేదు.

సొథర్న్ 1861 నవంబరులో డండ్రియరీని లండనుకు తీసికొనిపోయెను. హేమార్కెట్ నాటకశాలలో మొదటి దినములలో జనము పలుచగానుండెను. తరువాత విరుచుకొనిపడిరి. మొత్తము 496 రాత్రులు. లండను వీథులలో యువకులు డండ్రియరీ గడ్డములు పెంచిరి. అట్టి బుగ్గగడ్డములకు నేటికిని ఇంగ్లీషు నిఘంటువులో ఆ పేరే యున్నది. ఇతరులు ఆ ప్రభువును పెట్టి క్రొత్త నాటకములు వ్రాసిరి. లండనువారికి ఇది సొథర్న్ నాటకము. న్యూయార్కులో అదేకాలమున అంతర్యుద్ధము వచ్చి నాటకశాలలు దెబ్బతినెను. లారా కీన్ పాటలు, మంత్రదృశ్యములుగల ‘సెవెన్ సిస్టర్స్’ అను ఆటతో 253 ప్రదర్శనములు నడపి కొంత నిలద్రొక్కుకొనెను గాని, 1863లో తన పేరుగల నాటకశాలను విడిచిపెట్టవలసివచ్చెను. చేత మిగిలిన పెట్టుబడి ఆమెకు ఈ నాటకమే. దానిని పట్టుకొని ఊరూరు తిరుగసాగెను.

అట్లు తిరుగుచు 1865 ఏప్రిలులో వాషింగ్టనులోని ఫోర్డు నాటకశాలకు వచ్చెను. ఏప్రిలు 14, గుడ్‌ఫ్రైడే. అక్కడ ఆమె కడపటి రాత్రి. వసూళ్లు ఆమెకే చెందు బెనిఫిట్టు రాత్రి. అంతకు అయిదు దినముల క్రిందటనే దక్షిణసేనాపతి లీ లొంగిపోయెను, నగరము పండుగలోనున్నది. నాటకము మొదలైన పిమ్మట లింకను భార్యతోను, మఱి ఇద్దఱు అతిథులతోను బాక్సులోనికి వచ్చెను. ఆట ఆగెను, వాద్యములు మ్రోగెను, జనము చప్పట్లు కొట్టెను. ఆట మరల సాగెను.

మూడవ అంకము రెండవ దృశ్యము. ఏసాకు ఆస్తి లేదని దొరసానమ్మకు తెలిసిపోయినది. ‘మర్యాద యెఱుగనివాడవు’ అని తిట్టి ఆమె విసవిస వెడలిపోవును. రంగస్థలముమీద ఏసా ఒక్కడే. ఆమె వెనుకనుండి అతడు విసరు మాటకు ప్రతియూరిలోను కొంపమునిగినట్లు నవ్వెడివారు. ఆ నవ్వు ఎప్పుడు వచ్చునో బాగుగా ఎఱిగినవాడొకడు బాక్సు వెనుక నిలుచుండెను. అతడు జాన్ విల్క్స్ బూత్; నటుడు; ఎడ్విన్ బూత్‌కు తమ్ముడు. ఫిలడెల్ఫియాలో లారా కీన్ ఎవరిమీద దావా వేసెనో ఆ క్లార్కు భార్య, ఈతని అక్క. నవ్వు లేచెను, తుపాకి ప్రేలెను. బూత్ రంగస్థలముమీదికి దుమికి, కత్తి చూపుచు, ఏసా వేషమున నున్న హ్యారీ హాక్ ప్రక్కనుండి పారిపోయెను. నాటకములోని హత్తుకొను భాగమేమోయని మొదట కొందఱు భ్రమించిరి.

లారా కీన్ దీపముల ముందుకు వచ్చి జనులను శాంతింపుడని కేకలు వేసెను. పిమ్మట నీళ్లు తీసికొని మేడమీది బాక్సుకు పోయెను. గాయమును చూచిన యువవైద్యుడు చార్లెస్ లీల్ తరువాత చెప్పినదేమనగా – అధ్యక్షుని తల తన ఒడిలో పెట్టుకొందునని ఆమె వేడెను, తాను సరేననెను. ఆమె ఫ్లారెన్సు వేషములోనే కూర్చుండెను. రక్తము దుస్తులకు అంటెను. మఱునాటి ఉదయము లింకను మరణించెను. ఆ రాత్రి ఆమె తొడిగిన చేతిపట్టీ ఒకటి ఈనాడు వాషింగ్టనులోని స్మిత్‌సోనియన్ సంస్థవారి మ్యూజియములో నున్నది, మఱక చెఱగలేదు.

తరువాతి ఊరికి పోవుచున్న ఆమెను, మఱి ఇద్దఱు నటులను, హారిస్‌బర్గులో పోలీసులు నిర్బంధించిరి. దోషమేమియు కనబడక విడిచిపెట్టిరి. కాని పత్రికలకును, జనులకును నాటకమువారందఱును అనుమానపాత్రులైరి. ఆమె ఎక్కడికి పోయినను జనము చూడవచ్చినది నటిని కాదు. ‘ఆ రాత్రి అక్కడనున్న ఆమె’ను. 1869లో ఫిలడెల్ఫియాలో ఒక నాటకశాలను మరల నడిపి చూచెను, నిలువలేదు. ఆ యేడే ఆమె వ్యవహారములు చూచుచు, తరువాత భర్తయైన జాన్ లుట్జ్ చనిపోయెను. 1872లో ‘ఫైన్ ఆర్ట్స్’ అను కళాపత్రికను స్థాపించి, సంపాదకురాలుగా పనిచేసెను. అదియు ఎక్కువకాలము నడువలేదు. క్షయరోగముతో 1873 నవంబరు 4న, నలువదియేడేండ్ల వయసులో, న్యూజెర్సీలోని మాంట్‌క్లేరులో కన్ను మూసెను.

నాటకము ఆమెతో పోలేదు. సొథర్న్ 1881లో చనిపోవువఱకు డండ్రియరీ ఆయనను వదలలేదు. ఆయన కుమారుడు ఇ. హెచ్. సొథర్న్, షేక్స్పియరు పాత్రలకు పేరుపొందినవాడు, 1908లో న్యూయార్కులో తండ్రి బుగ్గగడ్డములను తాను పెట్టుకొని ఆ నాటకమును మరల ఆడెను. 2008లో ఎరిక్ సాయర్ అను సంగీతకర్త ‘అవర్ అమెరికన్ కజిన్’ అను పేరుతోనే ఒక సంగీతనాటకమును మసాచుసెట్సులో ప్రదర్శింపజేసెను. అందు లింకను, బూత్, హ్యారీ హాక్, లారా కీన్ అందఱును పాత్రలు. లోపలి నాటకము ఆగిపోవుటయే అక్కడి కథ. నాయికవేషము ధరించి తిరిగిన స్త్రీ, నూటనలుబదిమూడేండ్ల తరువాత, తానే ఒక పాత్రయై వేదికనెక్కినది.

ఫోర్డు నాటకశాలను ప్రభుత్వము తీసికొని ఆఫీసుగా మార్చెను. 1893లో లోపలి అంతస్తులు కూలి 22 మంది గుమాస్తాలు చనిపోయిరి. 1968లో మాత్రమే అది మరల నాటకశాలగా తెఱవబడెను.

బోస్టను దావా సంగతి ఇంకొకటి మిగిలినది. ‘జ్ఞాపకముంచుకొని పోయి ఆడవచ్చును’ అను తీర్పును పట్టుకొని ఎందఱో యజమానులు ఇతరుల నాటకములకు మనుష్యులను పంపుచు, ప్రేక్షకులలో కూర్చుండబెట్టి, మాటలు బట్టీపట్టించి తెప్పించుచుండిరి. 1882లో వేఱొక నాటకమును గూర్చి ఇట్టి తగాదాయే అదే మసాచుసెట్సు న్యాయస్థానమునకు వచ్చెను. నాటకశాల తలుపు తెఱచి జనులకు చూపినంతమాత్రమున నాటకమును వారికి ధారపోసినట్లు కాదని, పూర్వము లారా కీన్‌కు వ్యతిరేకముగా చెప్పిన తీర్పు తప్పనియు న్యాయమూర్తులు వ్రాసిరి. ఆమె చనిపోయి అప్పటికి తొమ్మిదేండ్లు.